గొంతుది కాదు, కరెంటుది

మార్చి తొమ్మిదో తేదీ. ఆ ఉదయం ముగ్గురూ తిన్నది పాలలో నానబెట్టిన రొట్టె, బాగా మగ్గిన అరటిపండు. మేష్టారికి ఆ తేదీ ఎంత గుర్తో ఆ తిండీ అంతే గుర్తు. ఆ రోజుల్లో వదినగారికి గొంతు దిగేవి అవే. ఆవిడ ఒక్కరే తింటుంటే చూడలేక అన్నదమ్ములిద్దరూ తమ కంచాల్లోనూ అవే పెట్టించుకున్నారు.

"రోగం నాది, పథ్యం ముగ్గురిదీనా?" అన్నారు వదినగారు అరటితొక్క తీస్తూ.

"సంసారమన్నాక అన్నీ పంచుకోవాలిగా," అన్నారు అన్నగారు. "అన్నట్టు, నా రేడియో పోయింది. రాత్రి పెడితే కాస్త పొగ వదిలి ఊరుకుంది."

"మీతోపాటు రోజూ అవే వార్తలు వినీ వినీ దానికీ విసుగొచ్చి ఉంటుంది లెండి."

ముగ్గురూ నవ్వారు. నవ్వాక ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకున్నారు. ఆ సాయంత్రమే ఆవిడ ఆసుపత్రిలో చేరాలి. మర్నాడు ఆపరేషను. గొంతులో పెరిగిన గడ్డతోపాటు మాట పుట్టే చోటుని కూడా తీసేస్తారు. ప్రాణానికి భయం లేదని పెద్ద డాక్టరు గట్టిగానే చెప్పాడు. పోయేది మాటే.

ఆవిడ మాట ఊరందరికీ తెలిసిన మాట. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. అన్నగారు ఆ బస్సులు నడిపిన డ్రైవరు. ఇద్దరికీ పరిచయం అక్కడే, పెళ్ళి మాటలూ అక్కడే. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మేష్టారికి ఇంకా మీసం రాలేదు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరై, జుట్టంతా నెరిసిపోయినా, ఆవిడకి ఇప్పటికీ చిన్నోడే.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. ఆ అమ్మాయే ఒక దారి చెప్పింది. ఆపరేషనుకి ముందే ఆవిడ గొంతుతో కొన్ని వాక్యాలు శుభ్రంగా రికార్డు చేసిస్తే, ఆ తర్వాత ఆవిడ ఫోనులో ఏది టైపు చేసినా ఫోను ఆవిడ గొంతుతోనే పలుకుతుందట.

"కాకపోతే వెనకాల గరగరలు, గుయ్యిమనే చప్పుళ్ళు ఏవీ ఉండకూడదు సార్," అంది ఆ అమ్మాయి. "మిషనుకి తేడా తెలీదు. ఆ గరగర కూడా అమ్మ గొంతే అనుకుని నేర్చేసుకుంటుంది. ఇంక జన్మంతా అలాగే మాట్లాడుతుంది."

తీరిగ్గా చేద్దామనుకుంటుండగానే ఆపరేషను తేదీ ఉన్నట్టుండి ముందుకి జరిగింది. ఇక మిగిలింది ఆ ఒక్క పూటే.

అయినా మేష్టారు బెంగపడలేదు. ఆయన వాటాలో వెనక గది ఉండనే ఉంది. చూపులేని పిల్లల కోసం ఆయన కొన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చునే పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తున్నారు. గోడల నిండా బొంతలు వేలాడుతుంటాయి, గది ప్రతిధ్వనించకుండా. అవన్నీ ఆయన భార్య కుట్టినవి. ఆయన రికార్డింగులో ఉంటే ఆవిడ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని తిరిగేది. అందుకే అన్ని గంటల రికార్డింగుల్లో ఆవిడ మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆవిడ పోయాక మేష్టారు ఒక్కొక్కటే పెట్టుకుని వెతికారు. ఎక్కడా చిన్న అలికిడైనా వినపడలేదు. మొదట్లో దుఃఖం ఆగేది కాదు. తర్వాత్తర్వాత, తన మాటల వెనకాల ఉన్న ఆ నిశ్శబ్దమంతా ఆవిడ చేసిపెట్టిందేనని తోచింది. ఇప్పుడు వింటే దణ్ణం పెట్టబుద్ధవుతుంది. కానీ అన్నయ్యకి మాత్రం ఉత్త నిశ్శబ్దం మిగలకూడదు. ఆ పూట ఆయన పట్టుదల అదే.

గది తలుపు తీసేసరికి లోపల అద్దంలా ఉంది. ముందురోజు రాత్రి అన్నగారు సర్దారు. పుస్తకాలు ఎత్తుల వారీగా నిలబడి ఉన్నాయి. వైర్లన్నీ బస్సు ఇంజన్లో కట్టినట్టు కట్టలు కట్టి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి.

"నిద్రపట్టకపోతే నేను కషాయం తాగుతాను, మీ అన్నయ్య ఇల్లు సర్దుతారు," అన్నారు వదినగారు కుర్చీలో కూర్చుంటూ.

"ఏవమ్మా, మైకు ముందు కూర్చుని నా మీద చాడీలా?" అని అన్నగారు గుమ్మంలోంచి కేకేశారు. "నేను వీధి అరుగు మీద ఉంటాను. చీమని కూడా రానివ్వను. మీరు కానివ్వండి."

మేష్టారు మైకు మాటని రికార్డుకి అందించే మిక్సరు పెట్టె ఆన్ చేశారు. పచ్చదీపం వెలిగింది. ఫాంటమ్ పవర్ అని రాసి ఉన్న బొత్తాం నొక్కారు. దాని పక్కన ఎర్రదీపమూ వెలిగింది. హెడ్‌ఫోన్లు తను ఒకటి పెట్టుకుని, ఇంకొకటి వదినగారికిచ్చారు. ఆవిడ మైకుని వేలితో కొట్టి చూడలేదు, ఉఫ్ఫని ఊదలేదు. వృత్తి తెలిసిన మనిషి. నోరు ఒక పక్కకి తిప్పి, మామూలుగా అన్నారు.

"నమస్కారం. నేను మాట్లాడుతున్నాను."

హెడ్‌ఫోన్లలో వచ్చింది ఆవిడ మాట కాదు. ఎక్కడో నూతి అడుగు నుంచి, సన్నగా, గరగరలాడుతూ, మధ్యమధ్యలో తెగిపోతూ ఏదో వచ్చింది. మేష్టారు స్థాయి పెంచారు. మాట కంటే ముందు బుస్సుమనే చప్పుడు పెరిగింది.

వదినగారు ఇంకో వాక్యం చెప్పారు. అదీ అంతే. మెల్లిగా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"చిన్నోడా," అన్నారు. "లోపల్నుంచి వింటే మనకి తెలీదంటారు కదా. నేను బాగానే మాట్లాడుతున్నాననుకుంటున్నా. మీరందరూ నా మొహం చూసి ఏమీ అనట్లేదా? అప్పుడే పోయిందా ఇది?"

నిజానికి మేష్టారి మనసులోనూ అదే అనుమానం మొలిచింది. ఆ మధ్య ఆవిడ గొంతు కాస్త బొంగురుపోయిన మాట నిజం. రోజూ వినే చెవులు అలవాటు పడిపోయాయేమో. మైకు మొహమాటపడదు కదా.

అంతలో, ఏళ్ళ తరబడి పిల్లల చేత ల్యాబులో చేయించిన పని ఆయన చేతులకి గుర్తొచ్చింది. ఏది చెడిందో తెలియనప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ముందు మార్చవలసింది మనిషిని.

"నువ్వు కాస్త లే వదినా. అక్కడ నేను కూర్చుంటాను. నువ్వు విను."

ఆయన కుర్చీలో కూర్చుని, క్లాసులో హాజరు పిలిచినట్టు గంభీరంగా అన్నారు. "నమస్కారం. నేను మాట్లాడుతున్నాను."

వదినగారి కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని మేష్టారు కంగారుగా లేచారు. ఏడుపు కాదు, నవ్వు.

"నీదీ అంతేరా! రేకుడబ్బాలో పడ్డ తుమ్మెదలాగా ఉన్నావు!"

"చూశావా? గరగర నీ గొంతుది కాదు వదినా, కరెంటుది!"

ఇద్దరూ గదిలో నిలబడి, గొప్ప శుభవార్త విన్నవాళ్ళలా, పాడైన మైకు చుట్టూ నవ్వుకున్నారు. సామాను చెడిందని తెలిసి అంత సంతోషించింది మేష్టారి జీవితంలో ఆ ఒక్కసారే.

ఆ తర్వాత పని మొదలైంది. మైకు నుంచి మిక్సరుకి వచ్చే తీగ మార్చారు. గరగర అలాగే ఉంది. మిక్సరులో ఆ తీగ గుచ్చిన చోటు మార్చారు. తేడా లేదు. ఫ్యాను, ట్యూబులైటు ఆపేశారు. చెమటలు పట్టాయి తప్ప గరగర ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అప్పుడు ఆయన బీరువా పైనుంచి ఒక మొద్దు మైకు దించారు. ఒకప్పుడు క్లాసులో మెడకి తగిలించుకున్నది. దాన్ని అదే తీగకి, అదే మిక్సరుకి తగిలించి మాట్లాడారు. గరగర లేదు. మాట దుప్పటి కప్పుకున్నట్టు మందంగా ఉంది కానీ శుభ్రంగా వచ్చింది.

"దొరికింది కదా, ఇంక దీంతోనే కానిచ్చేద్దామా?" అన్నారు వదినగారు గడియారం చూస్తూ.

"దీనికి నువ్వు గట్టిగా మాట్లాడాలి వదినా. నిన్ను గట్టిగా మాట్లాడొద్దన్నారుగా. మెల్లగా మాట్లాడితే నీ గొంతులో సగమే పడుతుంది. మరీ గతిలేకపోతే దీంతోనే చేద్దాం. కానీ ఒక సంగతి తెలిసింది. తీగ మంచిదే, మిక్సరూ మంచిదే. ఈ మొద్దుదానికి బయటి కరెంటు అక్కర్లేదు, ఎవరైనా మాట్లాడితే ఆ ఊపుకే పనిచేస్తుంది. నాజూకుదానికి అలా కుదరదు. మాట ఏ తీగలోంచి వస్తుందో అదే తీగలోంచి మిక్సరు దానికి ఎదురు కరెంటు పంపుతుండాలి. అదే ఫాంటమ్ పవర్. కరెంటు వెళ్ళడం, మాట రావడం, రెండూ ఒకే దారిన, ఒకదానికొకటి అడ్డం రాకుండా."

"అంటే ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీ లాంటిదన్నమాట. కంటికి కనపడదు, ఆగితేనే తెలుస్తుంది."

మేష్టారు గోడ మీది బొంతల వైపు ఒకసారి చూశారు. "అచ్చం అదే వదినా," అన్నారు.

"మరి ఎర్రదీపం వెలుగుతోందిగా?"

"దీపం వెలిగిందంటే బొత్తాం నొక్కామని అర్థం. సరిపడా అందుతోందని కాదు." ఆయన మీటరు తీసి, తీగ చివర సూదులు ఆనించారు. అక్కడ నలభై ఎనిమిది వోల్టుల దగ్గర ఉండాలి. అంకె ఇరవై కూడా ఎక్కలేక కిందామీదా పడుతోంది. పాపం, ఆ మైకు అర్ధాకలితో అంతసేపు మాట్లాడింది.

మిక్సరుకే తిండి సరిగ్గా అందడం లేదేమోనని ఆయన దాని వెనక నుంచి వైరు పట్టుకుని వెళ్ళారు. టేపు చుట్టిన కట్టలోంచి, బల్ల కాలు వెంబడి, గోడ దాకా. తీగ లాగితే డొంక కదిలినట్టు, ప్లగ్గు దగ్గర ఉన్న నల్ల అడాప్టరు చేతిలోకి ఊడొచ్చింది. కళ్ళజోడు పైకెత్తి దాని మీది అక్షరాలు చదివారు. ఆకారం అదే, రంగు అదే, మొన కూడా అతుక్కున్నట్టు సరిపోయింది. కానీ అది మిక్సరుది కాదు.

"రేడియోది," అన్నారు.

వదినగారికీ ఉదయం మాట గుర్తొచ్చిందని ఆ మొహమే చెప్పింది. మిక్సరు అడాప్టరు రేడియోకి వెళ్ళింది. రేడియో అడాప్టరు ఇక్కడికి వచ్చింది. అక్కడ ఎక్కువై అది కాలిపోయింది. ఇక్కడ తక్కువై ఇది నీరసపడింది.

"ఆయనకి చెప్పకు చిన్నోడా," అన్నారు వదినగారు గొంతు తగ్గించి. "రాత్రంతా సర్దారు. నేను నిద్ర నటించి, వెనకే వచ్చి గుమ్మం చాటు నుంచి చూశా. నా కుర్చీ నాలుగుసార్లు తుడిచారు."

"చెప్పనులే. నువ్వు ఇక్కడే ఉండు."

మేష్టారు పిల్లిలా అన్నగారి వాటాలోకి వెళ్ళి రేడియో వెనక చెయ్యి పెట్టారు. అరుగు మీంచి గొంతు వినపడింది.

"ఏంట్రా వెతుకుతున్నావ్?"

"ఏం లేదన్నయ్యా. పెన్ను."

"రేడియో వెనకాలా?" అన్నగారు లోపలికి వచ్చారు. "అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయిరా, చిన్నప్పట్నుంచీ అంతే. చేతిలో ఏంటది?"

దాచడానికి వీల్లేకపోయింది. మేష్టారు అడాప్టరు చూపించి, వీలైనంత మామూలుగా చెప్పారు. తారుమారైందంతే, పెద్ద విషయం కాదని, ఐదు నిమిషాల్లో సరైపోతుందని. చెబుతుండగానే అన్నగారు మంచం పట్టె మీద కూలబడ్డారు. జీవితమంతా బస్సు నడిపి ఒక్కసారైనా గుద్దని మనిషి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటికేసే చూస్తున్నారు.

"దుమ్ము దులుపుదామని రెండూ తీశాను. ఒకేలా ఉన్నాయి. ఏది దేనిదో చూసే పెట్టాననుకున్నా. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇవాళే నా చేతులు... ఆ గొంతు గనక ఇవాళ పట్టకపోతే..."

"పడుతుందన్నయ్యా."

"మీ వదినకి తెలుసా?"

"తెలుసు," అన్నారు వదినగారు. ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. "తెలిసేదాకా ఏమైందో తెలుసా మీకు? నా గొంతు అప్పుడే పోయిందనుకున్నా. దాని కర్మకాండ కూడా మనసులో చేసేశా. ఇప్పుడేమో పోలేదు, బాగానే ఉందని తేలింది. పోయిందనుకున్న సొమ్ము తిరిగి దొరికినట్టుంది. మీరు సర్దకపోతే ఈ సంతోషం ఎక్కడిది నాకు?"

"అదేం లెక్కే?"

"నా లెక్క. కాదంటే మీ తమ్ముణ్ణి అడగండి, కాలేజీలో చెప్పాడుగా."

"సరైన లెక్కే," అన్నారు మేష్టారు.

అన్నగారు కళ్ళు తుడుచుకుని లేచారు. "అయితే రేడియో సంగతి?"

"ఆ ముసలి రేడియో పోతూ పోతూ ఒక ఉపకారం చేసింది. పొగ వదిలి మరీ చెప్పినా మనకే అర్థం కాలేదు. పదండి, నాకు మళ్ళీ ఆసుపత్రికి టైమవుతుంది."

మిక్సరు అడాప్టరు దాని చోటికి చేరింది. మీటరులో అంకె ఎక్కాల్సిన చోటికి ఎక్కి, అక్కడ కదలకుండా నిలబడింది. స్థాయి బాగా తగ్గించి, మేష్టారు వేలితో సైగ చేశారు.

"నమస్కారం. నేను మాట్లాడుతున్నాను."

మేష్టారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ఎదురుగానూ ఉన్నారు, చెవుల మధ్యలోనూ ఉన్నారు. 'ర' పలికేటప్పుడు నాలుక తేలిగ్గా తగిలే తీరు, వాక్యం చివర కొంచెం నవ్వు దాచుకునే అలవాటు, ఈ మధ్య వచ్చిన ఆ కాస్త బొంగురు, అన్నీ ఉన్నాయి. బొంగురు కూడా ఆవిడదే, పోనివ్వు అనిపించింది.

ఆసుపత్రి అమ్మాయి ఇచ్చిన వాక్యాలు ఆవిడ బుద్ధిగా చదివారు. నాకు మంచినీళ్ళు కావాలి. నాకు నొప్పిగా ఉంది. నర్సును పిలవండి. కొన్ని అయ్యాక కాగితం బోర్లా పెట్టేశారు.

"ఇవన్నీ రోగి మాటలురా. నేను బతికేది ఆసుపత్రిలోనా, ఇంట్లోనా? నా మాటలు నేను చెప్పుకుంటాను, పట్టు."

ఇక ఆపడం ఎవరి తరం? తడి తువ్వాలు మంచం మీద వేస్తే మంచానికి జలుబు చేస్తుందండీ. చిన్నోడా, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతకకు. కొంచెం తిని చూడండి, బాగాలేకపోతే నేనే తింటాను. అబ్బ, ఎంత మంచివారో, అడిగితేనే గానీ చేయరు. బస్టాండులో ముక్కు సూటిగా మాట్లాడిన మనిషి ఇంటి మాటలకి ఎన్ని వంపులు తిప్పగలదో విని మేష్టారు నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నారు. తన నవ్వు రికార్డులో పడకూడదు.

మధ్యలో పక్కింటి వడ్రంగి రంపం అందుకున్నాడు. చెక్క కోసే చప్పుడు బొంతలు దాటి లోపలికి వచ్చింది. మేష్టారు ఆపమని చెయ్యెత్తారు. వీధిలో అన్నగారి చెప్పుల చప్పుడు, రెండు మూడు మాటలు, తర్వాత నిశ్శబ్దం. ఆ వడ్రంగి రంపం పక్కన పెట్టేసి, తన గుమ్మం ముందే కుర్చీ వేసుక్కూర్చుని, ఆ దారిన స్కూటరు మీద వచ్చేవాళ్ళందరినీ ఇంజను ఆపి నడిపించుకు వెళ్ళమని చెబుతున్నాడని తర్వాత తెలిసింది. ఎవరూ ఎందుకని అడగలేదట. బస్టాండు అమ్మ కోసమంటే చాలు, దిగి నడిచారట. మేష్టారు ఆ మాట తలుచుకున్నప్పుడల్లా, వీధిలో బళ్ళు తోసుకుంటూ మౌనంగా నడిచిన ఆ ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ లోలోపలే నమస్కారం పెట్టుకుంటారు.

ఆఖర్ని ఏమీ మాట్లాడకుండా కాసేపు ఊరికే కూర్చోమన్నారు, గది చప్పుడు కూడా విడిగా కావాలని. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. హెడ్‌ఫోన్లలో ఆవిడ ఊపిరి తప్ప ఏమీ లేదు. గరగర లేదు, బుస్సు లేదు.

ఆసుపత్రి అమ్మాయి అంతా విని, "ఇంత శుభ్రంగా ఎవరూ తేలేదు సార్," అంది. మేష్టారు ఆ అమ్మాయికి రెండు చేతులూ జోడించారు.

ఆపరేషను బాగా జరిగింది. కుట్లు మానాయి. మెడ దగ్గర చిన్న మెత్తటి గుడ్డతో, మాట లేకుండా, మొహం నిండా మాటలతో వదినగారు ఇంటికి వచ్చారు. కొన్నాళ్ళు పలక మీద రాసి చూపించారు. అన్నగారికి కళ్ళజోడు దొరికేలోపు ఆవిడకి కోపం వచ్చేది.

వేసవి మొదలయ్యాక ఒక సాయంత్రం ఆ అమ్మాయి ఫోనులో అంతా సిద్ధం చేసి పంపింది. భోజనాలయ్యాయి. అన్నగారు పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. వదినగారు, మేష్టారు ముందు గదిలో ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ వేళ్ళు అక్షరాల మీద చాలాసేపు తచ్చాడాయి. ఏదో టైపు చేశారు, చెరిపేశారు, మళ్ళీ చేశారు. బొత్తాం నొక్కారు.

"ఏమండీ, చీకటి పడింది, దోమలు కుడతాయి, లోపలికి రండి."

ఆ వాక్యం ఆ రోజు రికార్డు చేసిన వాటిలో లేదు. కొంచెం పడిశం పట్టినట్టు, కొంచెం పరధ్యానంగా ఉంది పలుకు. కానీ ఆ 'రండి' దగ్గర విరుపు ఆవిడదే.

"ఆఁ, వస్తున్నా. ఈ ఒక్క కుండీకీ పోసేసి," అని పెరట్లోంచి సమాధానం వచ్చింది.

మేష్టారు, వదినగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. బయట నీళ్ళ చప్పుడు ఆగింది. బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆయన అక్కడే, తడి నేల మీద నిలబడిపోయి ఉంటారు. తను ఎవరికి బదులు పలికారో అప్పుడు తెలిసి ఉంటుంది.

కాసేపటికి అన్నగారు కాళ్ళు కూడా కడుక్కోకుండా లోపలికి వచ్చారు. భార్య పక్కన కింద కూర్చున్నారు. "ఇంకోటి అనవే," అన్నారంతే.

ఆవిడ టైపు చేశారు. "కాళ్ళ నిండా బురద. ఇల్లు ఎవరు తుడుస్తారు?"

"నేనే తుడుస్తా," అన్నారాయన. "ఇంకోటి అను."

మేష్టారు లేచారు. ఇక ఆ మాటలు తను వినవలసినవి కావు. తన వాటాకి వెళ్ళే గుమ్మం దాటి వెనక్కి తిరిగేసరికి వదినగారు అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చెయ్యెత్తి, చిన్నప్పుడు బడికి పంపేటప్పటిలా ఆయన చెంప ఒకసారి తట్టారు. వెళ్ళి పడుకో అన్నట్టు కళ్ళతోనే చెప్పి, లోపల కూర్చున్న మనిషి ఉలిక్కిపడకుండా, గడియ చప్పుడైనా కానివ్వకుండా, మెల్లిగా తలుపు వేసుకున్నారు.